కింది మెట్టు (7): ఆదివారం తెరిచిన ఫైలు

మంగళవారం ఉదయం 9:20కి మేస్త్రి లైబ్రరీ మెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కింది మెట్టుకు స్టీలు స్కేలు ఆనించాడు. 185 మిల్లీమీటర్లు వచ్చింది. డ్రాయింగులో 160 అని ఉంది.

పక్కన నిలబడ్డ డ్రాఫ్టరు ఆ అంకెను నోటుపుస్తకంలో రాసుకుంది.

అప్పటికి తెలిసిన సంగతులు ఇవి. పందొమ్మిది రోజుల కిందట, ఒక గురువారం సాయంత్రం, అరవై ఏడేళ్ళ టైలరమ్మ మూడు పుస్తకాలు సంకలో పెట్టుకుని పైఅంతస్తు నుంచి దిగుతూ చివరి మెట్టు దగ్గర పడింది. తుంటి ఎముక విరిగింది. కళ్ళజోడు పగిలింది. లైబ్రరీ తెరిచి నాలుగు నెలలే అయింది. ఆ మెట్టు దగ్గర పడినవాళ్ళలో ఆమె మూడో మనిషి. మొదటి ఇద్దరూ బట్టలు దులుపుకుని వెళ్ళిపోయారు కాబట్టి వాళ్ళ సంగతి ఎవరూ రాసుకోలేదు.

మెట్లలో తేడా ఉందని నగరపాలక ఇంజనీరు తేల్చాడు. ఆ తేడా గీతలో పుట్టిందా, కట్టడంలో పుట్టిందా అన్నది మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి విచారణలో తేలాలి. కట్టడంలో అని తేలితే మేస్త్రి పేరు నల్లజాబితాకి ఎక్కుతుంది. ఆ తర్వాత అతనికి నగరంలో ప్రభుత్వ పని ఏదీ ఇవ్వరు.

మెట్లు గీసింది డ్రాఫ్టరు. వయసు నలభై తొమ్మిది. పనిచేసే ఆర్కిటెక్టు ఆఫీసులో ఆమెను 'మిల్లీమీటరు' అంటారు. ఒకసారి ఒక తలుపు డ్రాయింగు షీటును ఒక్క మిల్లీమీటరు తేడాకి మూడుసార్లు వెనక్కి పంపింది, అప్పటి నుంచి ఆ పేరు ఉండిపోయింది.

ఆమె పడిపోయిన మనిషిని చూడడానికి రెండోరోజే ఆసుపత్రికి వెళ్ళింది. ఏ మెట్టు దగ్గర పడ్డారో అడగాలని వెళ్ళింది. "ఎవరు మీరు?" అని నర్సు అడిగితే, "లైబ్రరీ నుంచి" అంది. అబద్ధం కాదు, లైబ్రరీలో మెట్లు చూసి తిన్నగా అక్కడికే వచ్చింది. టైలరమ్మ మాత్రం ఆమెను లైబ్రరీ ఉద్యోగి అనుకుంది. "పుస్తకం సగంలో ఉంది, నాకేమో కళ్ళజోడు లేదు, కాస్త చదివి పెడతావా?" అని అడిగింది. డ్రాఫ్టరు కుర్చీ లాక్కుని చదివింది. మర్నాడు కూడా వెళ్ళింది. ఇప్పుడు ఆమె రోజూ గంట ముందు ఆఫీసుకు వచ్చి గంట ముందు బయటపడుతోంది. ఈ పందొమ్మిది రోజుల్లో ఆఫీసు పని కానిది ఆమె మాట్లాడిన మనుషులు ఇద్దరు: ఫోన్లో అక్క, ఆసుపత్రిలో టైలరమ్మ.

మేస్త్రి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"మిగతావి మీరే కొలవండమ్మా. నా స్కేలు నా పక్షం మాట్లాడుతుందంటారేమో."

"అలా ఎవరన్నారు మేస్త్రిగారూ?"

"ఎవరూ అనలేదు. అనకముందే చెప్తున్నా."

ఆమె తన స్కేలు తీసి మెట్టు మెట్టుకీ పెట్టి పైదాకా వెళ్ళింది. రెండో మెట్టు 160. మూడోది 160. నాలుగోది 161. మధ్య ల్యాండింగు చదును దాటాక 159 ఒకటి వచ్చింది. ఇరవై రెండు ఎత్తుల్లో ఇరవై ఒకటి 159కీ 161కీ మధ్య ఉన్నాయి. ఆమె మళ్ళీ కిందికి దిగింది. చివరి మెట్టు దగ్గర, తెలిసి కూడా, కాలు ముందే నేల కోసం చాచింది. నేల తగల్లేదు. ఇంకో 25 మిల్లీమీటర్లు దిగాక తగిలింది. చెయ్యి రెయిలింగు మీద ఉంది కాబట్టి నిలబడింది.

"చూశారా?" అన్నాడు మేస్త్రి. "నేను కట్టిన మెట్టే, నేనే రెండుసార్లు తూలాను. కాలు లెక్కపెట్టుకుంటుందమ్మా. మనం పెట్టుకోం గానీ, అది పెట్టుకుంటుంది. ఇరవై ఒక్కసార్లు ఒకే ఎత్తు దిగాక ఇరవై రెండోసారి కళ్ళతో చూడదు."

"తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు. ముప్ఫై ఏళ్ళ నుంచి మెట్లు కడుతున్నా. ఇరవై ఒకటి తాడు పట్టినట్టు తెచ్చి, చివరిదాని దగ్గరికొచ్చేసరికి నాకు నిద్రపట్టిందా?"

అతను సంచిలోంచి షీటు తీసి మెట్ల మీద పరిచాడు. మడతల దగ్గర కాగితం చిరిగి ఉంది. మూలన సిమెంటు మరక. 22 × 160 అని మెట్ల పక్కన రాసి ఉంది. కింద, నేల గీతకీ మొదటి మెట్టు మొదలయ్యే గీతకీ మధ్య సందు ఉంది. గోరు పట్టేంత. దాని పక్కన అంకె లేదు.

"ఈ సందు చూశారా? అంకె లేని సందుని నేనేం చేసుకోను? మీరైతే ఏం చేస్తారు?"

"అడుగుతాను."

"నేనూ అడిగాను."

మేస్త్రి ఫోను తీసి, వేలితో చాలాసేపు పైకి తోసి, ఆమె చేతికిచ్చాడు. పదమూడు నెలల కిందటి మెసేజి. గురువారం, ఉదయం 11:12. 'అమ్మా మెట్ల కింద 25 మిగులుతోంది. ఎక్కడ సర్దమంటారు.' దాని కింద జవాబు, 11:13. 'డ్రాయింగ్ ప్రకారం చేయండి.'

నంబరు ఆమెదే.

డ్రాఫ్టరు తన ఫోను తీసి వెతికింది. రెండు నిమిషాలు పట్టింది. అక్కడా అదే తేదీన అవే రెండు వాక్యాలు ఉన్నాయి. రాసినట్టు ఆమెకు గుర్తు లేదు.

"ఇది ఇంజనీరుకి చూపించారా?"

"లేదు."

"ఎందుకు చూపించలేదు?"

"మీరు ముందు చూడాలని." మేస్త్రి షీటు మడతపెట్టాడు. "ఆ స్కూలు బిల్డింగు కట్టేటప్పుడు కిటికీ ఒకటి నేను తప్పు చోట వదిలాను. పదిమంది పనోళ్ళున్నారు అక్కడ. మీరు వాళ్ళ ముందు ఒక్క మాటనలేదు. నీళ్ళు తాగుదాం రండని పక్కకి పిలిచి చెప్పారు. గుర్తుందా?"

"లేదు."

"నాకుంది." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రెండున్నర దాకా ఇది జేబులోనే ఉంటుంది. అప్పటికీ నోరు విప్పాల్సినవాళ్ళు విప్పకపోతే బయటికి తీస్తానమ్మా. తప్పుగా అనుకోకండి. ఎనిమిదిమంది పనోళ్ళు నన్ను నమ్ముకుని ఉన్నారు."

"తప్పుగా ఏమీ అనుకోను."

"అది కాదు గానీ, మీరు అన్నం తింటున్నారా లేదా? చిక్కిపోయారు."

ఆమె తింటున్నానంది.

10:40కి ఆమె ఆఫీసులో తన బల్ల దగ్గర ఉంది. ఆఫీసు కళ్ళజోళ్ళ కొట్టు మీద రెండో అంతస్తులో ఉంటుంది. ఆరు బల్లలు. ఆమెది కిటికీ పక్కది.

వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఫైలుకు చరిత్ర ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఎన్నింటికి సేవ్ చేశారో వరుసగా ఉంటుంది. పక్కన ఒక గడి ఉంటుంది. ఏం మార్చామో అందులో రాయొచ్చు. మిగతావాళ్ళు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆమె వదలదు.

పద్నాలుగు నెలల కిందటి వారంలో ఆమె కళ్ళు ఆగాయి. శుక్రవారం కబురొచ్చింది: కింది అంతస్తులో రాతిబండలు వద్దు, పలచని వినైల్ షీటు పరుస్తాం. దాంతో నేల 25 మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఆ మార్పును ఫైలులో ఎవరో ఎక్కించాలి. సోమవారం చేస్తానని ఆమే అంది, అందరూ విన్నారు. సోమవారం చేశాననే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

చరిత్రలో సోమవారం లేదు. ఆదివారం ఉంది.

ఆదివారం, 10:08, ఫైలు తెరిచారు. 10:31, సేవ్ చేశారు. పేరు: ఆమెది. పక్క గడిలో: 'తాత్కాలికం. సోమవారం సరిచేయాలి.'

ఆమె శుక్రవారం నాటి కాపీ ఒకటి, ఆదివారం 10:31 నాటి కాపీ ఒకటి తెరిచి పక్కపక్కన పెట్టింది. మెట్ల మీద నొక్కితే వాటి లెక్కలు కుడిపక్క పట్టీలో వస్తాయి. శుక్రవారం: మొత్తం ఎత్తు 3520, మెట్లు 22, ఒక్కోదాని ఎత్తు 160, కింద వదిలిన సందు 0. ఆదివారం: నేల 25 దిగింది. ఒక్కో మెట్టు ఎత్తు 160. కింద వదిలిన సందు 25.

ఏం జరిగిందో ఆమె మళ్ళీ చేసి చూసింది. కాపీలో నేలను 25 దించగానే సాఫ్ట్‌వేర్ మెట్లను తనంతట తానే సాగదీసింది. ఎత్తు గడిలో 161.14 వచ్చింది. అంటే మెట్టుకు ఒక మిల్లీమీటరు, చిల్లర. మధ్య చదును 12 మిల్లీమీటర్ల పైచిలుకు దిగింది. దానితో పాటు దూలం, రెయిలింగు, పక్క కిటికీ నాలుగు షీట్లలో మారాలి. ఆమె 'సందు' గడిలో 25 కొట్టింది. ఎత్తు మళ్ళీ 160 అయింది. చదును మళ్ళీ తన చోటికి వెళ్ళింది. నాలుగు షీట్లూ మారక్కర్లేదు. తెర మూలన పసుపురంగు హెచ్చరిక ఒకటి వచ్చింది: మెట్లు నేలను తాకడం లేదు. దాన్ని మూసేయడానికి ఒక్క నొక్కు చాలు.

ఆ హెచ్చరికను ఆ ఆదివారం మూసిందెవరో చరిత్రలో ఉండదు. ఆ రోజు ఆఫీసులో ఉన్నది ఒక్క మనిషే.

ఆ ఆదివారం తేదీ మీద ఇంకో మూడు సేవులు ఉన్నాయి. 1:47. 4:20. 6:05. ఆ మూడు కాపీలూ తెరిచి చూసింది. మూడింట్లోనూ మార్పు ఏమీ లేదు. ఫైలు తెరిచి ఉంది, అప్పుడప్పుడు సేవ్ చేశారు, అంతే.

ఆ ముందురోజు శనివారం ఏం జరిగిందో ఆమెకు గుర్తుంది. పొద్దున తొమ్మిదింటికి ఇంటి ముందు వ్యాను ఆగింది. అక్క యాభై నాలుగో ఏట పెళ్ళి చేసుకుంది. ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషిని. డ్రాఫ్టరుకు నలభై ఎనిమిదో ఏట బావ వచ్చాడు. ఆయన మంచివాడు, వచ్చిన రోజే ఇంట్లో కారే పంపు బాగుచేశాడు. వ్యానులోకి ఒక మంచం, ఒక కుర్చీ, పెద్ద కుక్కరు ఎక్కాయి. "ఒక్కదానివి, చిన్నది చాలదూ?" అంది అక్క. చాలంది ఆమె.

అక్కాచెల్లెళ్ళు ఇరవై ఆరేళ్ళు ఒక ఇంట్లో ఉన్నారు. ఆదివారం పేపరును మధ్యకి విడదీసి, మొదటి సగం అక్క, రెండో సగం చెల్లెలు చదివి, తర్వాత మార్చుకునేవాళ్ళు. ఆ ఆదివారం పేపరు మొత్తం ఆమెదే. ఎనిమిదిన్నరకల్లా చదవడం అయిపోయింది. 10:08కి ఆమె ఆఫీసులో ఉంది.

ఎవరో చచ్చిపోతే చెప్పుకోవచ్చు. అక్కకు పెళ్ళయిందని ఎవరికి చెప్పుకుంటారు? ఆమె ఎవరికీ చెప్పలేదు. సోమవారం రెయిలింగు షీట్లు అర్జెంటని సారు అడిగారు. అవి చేసింది. మెట్ల షీటు ఆ సాయంత్రమే సైటుకు వెళ్ళిపోయింది.

12:15కి సారు పిలిచారు. ఆర్కిటెక్టు ఆయనే, ఆఫీసూ ఆయనదే. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. 'నిర్మాణంలో జరిగిన లోపం' అన్న మాట రెండో పేరాలో ఉంది.

"గీసినవాళ్ళ సంతకం కావాలి. ఇక్కడ పెట్టు. రెండింటికి బయల్దేరదాం."

"నిర్మాణంలో కాదు సార్. నేనే చేశాను. ఫైలులో ఉంది."

సారు లేచి తలుపు వేసి వచ్చారు.

"ఎవరికి తెలుసు?"

"మేస్త్రికి తెలుసు. ఫైలుకి తెలుసు."

"ఫైలుకి నోరు లేదు."

"మేస్త్రికి ఉంది సార్. మెసేజి ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. షీటు కింద మూలన మూడు గడులుంటాయి: గీసినవారు, తనిఖీ చేసినవారు, ఆమోదించినవారు. రెండో గడిలో, మూడో గడిలో ఆయన పొట్టి సంతకాలే ఉన్నాయి. ఆమె ఆ గడుల వైపు చూడలేదు. ఆయన చూశారు.

"నువ్వు గీసిందని తనిఖీ చెయ్యలేదు," అన్నారు. "ఇరవై రెండేళ్ళ నుంచి నువ్వు గీసినవి చూడకుండానే పెడుతున్నాను. 'మిల్లీమీటరు' గీసిందాన్ని ఇంకెవరు చూడాలి?"

"చూడాల్సింది సార్."

"ఆ మాట నువ్వే అంటున్నావా?"

"నేను కూడా చూడాల్సింది."

కింద కళ్ళజోళ్ళ కొట్టు షట్టరు సగం దించిన చప్పుడు వినబడింది, భోజనం వేళ.

"అక్కడ చెప్పాక ఇక్కడ నీ కుర్చీ ఉంటుందని నేను మాటివ్వలేను."

"అడగడం లేదు సార్."

"అదే నీతో వచ్చిన చిక్కు. ఎప్పుడూ ఏమీ అడగవు." ఆయన కాగితం సొరుగులో పెట్టారు. "సరే, నువ్వు ముందు వెళ్ళు. నేను వెనక వస్తాను."

విచారణ 2:35కి మొదలై 3:25కి ముగిసింది. నగరపాలక కార్యాలయం మూడో గదిలో ఇంజనీరు, ఒక గుమాస్తా, సారు, మేస్త్రి, డ్రాఫ్టరు ఉన్నారు. ఇంజనీరు ముందు మేస్త్రిని అడగబోయాడు. డ్రాఫ్టరు చెయ్యెత్తింది.

ఆమె పదకొండు నిమిషాలు మాట్లాడింది. రెండు కాపీల ప్రింట్లు బల్ల మీద పెట్టింది. తన ఫోను తెరిచి మెసేజి చూపించింది. మేస్త్రి ఫోను అతని జేబులోంచి బయటికి రాలేదు. గుమాస్తా ఒక్కో వాక్యం టైపు చేసి చదివి వినిపించాడు.

"ఆదివారం అన్నారు. ఆ రోజు మీ ఆఫీసుకు సెలవు కదా?" అని ఇంజనీరు అడిగాడు.

"సెలవే."

"సరే." గుమాస్తా 'సెలవు దినమైన ఆదివారం' అని కొట్టాడు. ఆ సంగతి మళ్ళీ రాలేదు.

సారు కూడా మాట్లాడారు. తనిఖీ గడిలో సంతకం తనదే అన్నారు, కూర్చున్నారు. మేస్త్రి మీద చర్య ఏదీ లేదని ఇంజనీరు రాయించాడు. ఆ మెట్లు మర్నాడే మూసేస్తారు. మిగిలినవాళ్ళ మీద ఏం చేయాలన్నది పదిహేను రోజుల్లో తెలుపుతారు.

వాంగ్మూలం కాపీలు నాలుగు తీశారు. నాలుగోది బాధితురాలికి. "రేపు పోస్టులో వేస్తాం," అన్నాడు గుమాస్తా.

"నేను తీసుకెళ్తాను," అంది డ్రాఫ్టరు.

"మీరా?"

"అటే వెళ్తున్నాను."

గుమాస్తా ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తలూపాడు. రిజిస్టరులో సంతకం చేసి ఆమె కాగితం తీసుకుంది. మెట్ల దగ్గర మేస్త్రి కలిశాడు. ఏదో అనబోయి ఆగి, "మెట్లు చూసుకుని దిగండమ్మా," అన్నాడు.

4:50కి ఆమె వార్డులో ఉంది. పద్నాలుగో నంబరు మంచం, గోడ పక్క. టైలరమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో దుప్పటి అంచు. దాని కుట్టు ఊడితే నర్సు దగ్గర సూది, దారం అడిగి తీసుకుని వేళ్ళతో తడుముకుంటూ కుడుతోంది.

"ఇరవై నిమిషాలు లేటు," అంది తలెత్తకుండానే. "చెప్పుల చప్పుడు నీదే. కూర్చో. ఆ నవల్లో హంతకుడు వంటమనిషి కాదు, నేను పొద్దున్నుంచి ఆలోచించాను. ఆ లాయరు తమ్ముడు. పందెం."

"పిన్నీ..."

మొదటివారం ఆమె 'ఆంటీ' అనేది. "ఆంటీ అనకు, ఆంటీ అన్నవాళ్ళందరూ రేపటికే కుట్టిమ్మంటారు," అని టైలరమ్మ పిన్ని అనిపించుకుంది.

"నూట అరవై మూడో పేజీలో ఆపాం. పుస్తకం సొరుగులో ఉంది."

"ఇవాళ పుస్తకం కాదు పిన్నీ. ఒక కాగితం చదవాలి. నీకు వచ్చింది."

"ఆసుపత్రివాళ్ళదా?"

"కాదు. నగరపాలక వాళ్ళది. నువ్వు పడిన మెట్టు గురించి."

టైలరమ్మ సూదిని దుప్పటిలో గుచ్చి పెట్టింది. "దొరికాడా?" అంది. అంతకుముందు వారం ఆమె అన్న మాట వార్డంతా విని నవ్వింది: ఆ మెట్టు గీసినవాడు ఒక్కసారి నా ముందుకు రానీ, కత్తెర ఇంకా నా సంచిలోనే ఉంది.

డ్రాఫ్టరు చదవడం మొదలుపెట్టింది. ఒకటిన్నర పేజీ. పుస్తకం చదివినట్టే చదివింది, కామా దగ్గర ఆగుతూ. 'సెలవు దినమైన ఆదివారం ఉదయం 10 గంటల 31 నిమిషాలకు, నేల మట్టం 25 మిల్లీమీటర్లు తగ్గిన సందర్భంలో, మెట్ల ఎత్తును తిరిగి లెక్కించకుండా, ఆ తేడాను కింది మెట్టు కింద వదలడం జరిగింది. సోమవారం సరిచేయవలసి ఉండగా సరిచేయలేదు. తదుపరి మేస్త్రి లిఖితపూర్వకంగా అడిగినప్పుడు, ఫైలు చూడకుండానే, డ్రాయింగ్ ప్రకారం చేయమని జవాబు ఇవ్వడం జరిగింది.'

పక్క మంచం మీది మనిషి దగ్గింది. డ్రాఫ్టరు ఆగి, దగ్గు అయ్యాక చివరి పేరా చదివింది. 'ఇందులో మేస్త్రి తప్పు లేదు. పై మార్పు చేసింది, పై జవాబు ఇచ్చింది నేనే.'

"నేనే అంటే ఎవరు?" అంది టైలరమ్మ. "కింద సంతకం ఎవరిది?"

"నాదే పిన్నీ."

టైలరమ్మ ఆమె ముఖం ఉన్న వైపు చూసింది. కళ్ళజోడు లేకుండా ఆ దూరంలో ఆమెకు ముఖం ఆనదు.

"నువ్వు లైబ్రరీ పిల్లవి కదూ?"

"కాదు. లైబ్రరీ గీసిన ఆఫీసులో పని చేస్తాను."

"పద్దెనిమిది రోజులు," అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "రోజూ వచ్చావు. నా మంచం పక్కన కూర్చుని నా పుస్తకం చదివావు. నేను కత్తెర అంటే నువ్వూ నవ్వావు."

"చెప్పాలనే అనుకున్నాను. అప్పుడు మెట్టు సంగతి నాకూ రూఢిగా తెలీదు. ఇవాళ పొద్దునే..."

"ఏ పేజీలో చెబుదామనుకున్నావు? చివరి పేజీలోనా?"

నర్సు వచ్చి మాత్ర, నీళ్ళు ఇచ్చింది. టైలరమ్మ మాత్ర మింగి గ్లాసు తిరిగి ఇచ్చింది. నర్సు వెళ్ళాక చాలాసేపు దుప్పటి అంచు తడుముతూ కూర్చుంది. సూది తీసింది. నాలుగు కుట్లు వేసింది. ఐదోది తప్పింది, విప్పి మళ్ళీ వేసింది.

"ఇంకోసారి చదువు. మిల్లీమీటర్లు ఉన్న ముక్క."

డ్రాఫ్టరు చదివింది.

"ఇరవై అయిదు. మెట్లు ఎన్నన్నావు?"

"ఇరవై రెండు."

"అంటే మెట్టుకి ఒకటి. ఒకటీ కాస్త."

"అవును."

"ఒక్కోదానికి అంత సర్దితే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు. ఎవరికీ తెలిసేది కాదు."

టైలరమ్మ దుప్పటి అంచును రెండు చేతులతో పట్టుకుని చాచింది. "జాకెట్టు చేతికి గుడ్డ ఒకోసారి ఎక్కువొస్తుంది. సంక చుట్టుకొలత కన్నా వేలెడు ఎక్కువ. దాన్ని చుట్టూ సర్దుకుంటూ కుట్టాలి. కుట్టుకి దారప్పోగంత. బద్ధకించి మొత్తం ఒక్కచోటికి తోస్తే అక్కడ ముడత లేస్తుంది. పని నేర్చుకునే పిల్లలు చేస్తారు ఆ పని. ఇరవై ఏళ్ళు మిషను తొక్కినవాళ్ళు చెయ్యరు." అంచు వదిలేసింది. "నువ్వు ఎన్నేళ్ళు చేశావు?"

"ఇరవై రెండు."

"మరి నీకేమొచ్చింది?"

"నాలుగు షీట్లు మార్చాల్సొస్తుందని..."

"అది కాగితంలో విన్నాను." టైలరమ్మ చెయ్యి చాచింది. డ్రాఫ్టరు కాగితం అందించింది. ఆమె దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, అక్షరాలు ఆనక తిరిగి ఇచ్చేసింది. "వాళ్ళు ఎన్ని అడిగారు నిన్ను?"

"ఎన్నో అడిగారు. ఎప్పుడు చేశారు, ఎలా చేశారు, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు. యాభై నిమిషాలు."

"ఆదివారం సంగతి?"

"సెలవు కదా అని అడిగారు. అవునన్నాను."

"అంతేనా?"

"అంతే."

టైలరమ్మ దిండ్ల మీద కాస్త పక్కకు ఒరిగింది, నొప్పికి పళ్ళు బిగబట్టి, కుర్చీ వైపు తిరిగింది.

"అయితే నేనడుగుతున్నా. సెలవురోజు పొద్దున్నే ఇల్లు వదిలేసి, ఎవరూ లేని ఆఫీసులో నీకేం పని?"

డ్రాఫ్టరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. వార్డు గోడ గడియారంలో 5:49 అయింది. సందర్శకుల సమయం ఆరింటి వరకు.